జలపాతం లేని ఊళ్లో జలపాతాల షికారు!

మన సినిమాల్లో జలపాతం ఎప్పుడొస్తుంది? హీరో హీరోయిన్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్న మరుక్షణం వస్తుంది! అప్పటిదాకా కాలేజీ క్యాంటీన్లో కూర్చున్న జంట, పాట మొదలవగానే తెల్లటి నురగల ముందు ప్రత్యక్షమవుతుంది. 2015లో వచ్చిన ‘బాహుబలి’ అయితే జలపాతం ఎక్కడంతోనే కథ నడిపించింది. కేరళలోని అతిరప్పిళ్లి దగ్గర కొంత తీసి, మిగతాది గ్రాఫిక్స్‌తో ఆకాశం దాకా పెంచారు.

మరి హైదరాబాద్ కుర్రకారుకు జలపాతం చూడాలనిపిస్తే? కుంతాల ఉంది, 147 అడుగులు. కాకపోతే అది ఆదిలాబాద్ అడవుల్లో. ఎత్తిపోతల ఉంది, 70 అడుగులు. అది నాగార్జునసాగర్ అవతల. రెండింటికీ బస్సు కావాలి, సెలవు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంట్లో పర్మిషన్ కావాలి! ఇవేవీ అక్కర్లేని షికారు ఒకటుంది. చార్మినార్ దగ్గర బయల్దేరి, నీళ్లు కనిపించిన చోటల్లా ఆగుతూ, గుండ్రంగా తిరిగి మళ్లీ చార్మినార్‌కే చేరాలి. ఐదు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక్క ఉదయం చాలు.

“పాతబస్తీలో జలపాతాలా? ఎవర్రా చెప్పింది నీకు?” అన్నాడు వెంట వచ్చిన మిత్రుడు.

“నడువు, చూపిస్తా” అన్నాను.

తలకిందుల జలపాతం

చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. అందరూ తలెత్తి మినార్లు చూస్తారు. మీరు ఒక్కసారి తల దించి చూడండి. నాలుగు కమానుల నడుమ చిన్న నీటి తొట్టి, అందులో ఫౌంటెన్. పైన మసీదుంది కదా, ప్రార్థనకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఆ ఏర్పాటు.

అక్కడి నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే చార్ కమాన్. నాలుగు పెద్ద కమానులు, వాటి మధ్యలో గుల్జార్ హౌజ్. ఇప్పుడు చుట్టూ నగల దుకాణాలు, హారన్ల మోత. మన ‘ఒక్కడు’ (2003) యూనిట్ ఏకంగా చార్మినార్ సెట్టే వేసుకున్నదంటే ఎందుకో ఈ రద్దీలో నిలబడితే అర్థమవుతుంది!

“ఇది ఫౌంటెన్ కదరా, జలపాతమంటావేంది?” అని నిలదీశాడు మావాడు.

ఫౌంటెన్ అంటే తలకిందుల జలపాతమే! ‘నీరు పల్లమెరుగు’ అని సామెత. కుతుబ్ షాహీల కాలపు పనివాళ్లు ఆ సామెతనే నమ్ముకున్నారు. ఊరికి దక్షిణాన, ఎత్తు మీదున్న జల్‌పల్లి చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు దింపుకొచ్చారు. ఎత్తు నుంచి మూసిన గొట్టంలో జారిన నీరు, దారి దొరికిన చోట మళ్లీ పైకి లేస్తుంది. బయల్దేరిన ఎత్తును మించి మాత్రం లేవదు. మోటారు లేదు, కరెంటు లేదు. చెరువు దగ్గర పడాల్సిన జలపాతాన్ని గొట్టంలో దాచి తెచ్చి, బజారు నడిబొడ్డున చిమ్మించారన్నమాట!

చింతచెట్టు సాక్ష్యం

మచ్లీ కమాన్ దాటి పత్తర్‌గట్టి మీదుగా మదీనా చౌరస్తాకు వచ్చాం. అక్కడ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అది ఇంటర్వెల్. తర్వాత నయాపూల్ మీద నిలబడితే కింద మూసీ. అదీ ఒక నదేనా అనిపించేంత నల్లటి, సన్నటి పాయ. మావాడు ముక్కు మూసుకుని, “నీ హీరోయిన్‌ని ఇక్కడికి తీసుకురా, డ్యూయెట్ పాడుతుంది!” అన్నాడు.

నేను నవ్వలేదు. వంతెన దాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. 1908 సెప్టెంబర్ 28న ఈ పాయే పోటెత్తింది. వంతెనల మీదుగా పారింది, ఇళ్లను పునాదులతో సహా ఎత్తుకుపోయింది. చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారని లెక్క. ఆ రోజు ఈ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టింకా పచ్చగానే ఉంది. ఏటా ఆ తేదీన కొందరు దీని నీడలో చేరి, పోయినవాళ్లను తలుచుకుంటారు.

మావాడు చెట్టును చేత్తో తాకి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: “2020 అక్టోబర్‌లో మా అక్కావాళ్లు రాత్రంతా డాబా మీదే ఉన్నరు. కింద నీళ్లు మెడలోతు. పిల్లల పుస్తకాలు కూడా మిగల్లే. చెట్టు లేదు, డాబా ఉంది కాబట్టి బతికిండ్రు.”

ఏడాదిగా తెలిసినవాడు. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ నెలలో పాతబస్తీ దక్షిణాన పల్లె చెరువు తెగింది, బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. 1908 తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), దాని ఉపనది మీద హిమాయత్ సాగర్ (1927) కట్టారు. నదికి కళ్లెం పడింది. కానీ వాన నీరు ఆగే చిన్న చెరువుల్లో, అది పారే నాలాల్లో మనమే ఇళ్లు కట్టుకుంటే ఆ నీరెక్కడికి పోవాలి? మన ఇంట్లోకే వస్తుంది.

లెక్క కుదరని ప్రేమకథ

నది వెంబడే పడమరగా వెళ్తే పురానాపూల్. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో కట్టిన వంతెన. దీనికి మన రచయితలు అసూయపడే కథొకటుంది. యువరాజు కులీ, అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడట. కొడుకు ప్రాణం మీద బెంగతో తండ్రి వంతెన కట్టించాడట. సూపర్ హిట్ ఫార్ములా! ఒక్కటే చిక్కు. కులీ పుట్టింది 1565లో. వంతెన కట్టేనాటికి హీరోగారికి పదమూడేళ్లు! అసలు భాగమతి ఉందా లేదా అన్నదాని మీదే చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

కథ అబద్ధమైనా వంతెన నిజం. 1908 వరదను కూడా తట్టుకుని నిలబడింది. కథలు కట్టేవాళ్లకంటే వంతెన కట్టినవాళ్లే మూసీని బాగా ఎరుగుదురు!

కూర్చుంటే మళ్లీ వస్తారట

అక్కడి నుంచి హుస్సేనీ ఆలం గల్లీల్లో దక్షిణంగా తిరిగితే చౌమహల్లా. నాలుగు మహళ్లు, ముందు పెద్ద కొలను, ఫౌంటెన్లు. లోపల ఖిల్వత్ ముబారక్‌లో బెల్జియం షాండ్లియర్లు. శిథిలమైన ప్యాలెస్‌ను బాగు చేసి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారం కూడా దక్కింది. కొలను గట్టున కాసేపు నిలబడితే చాలు, బయటి హారన్లు గుర్తుకు రావు.

చివరి మజిలీ మక్కా మసీదు. 1617లో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఆవరణలో కొలను, దాని గట్టున రెండు రాతి బల్లలు. వాటి మీద కూర్చున్నవాళ్లు మళ్లీ ఒకసారి ఇక్కడికి వచ్చి కూర్చుంటారని నమ్మకం.

“నేను పుట్టిందే ఇక్కడ. ఎక్కడికి పోత, మళ్లా రానికి?” అని నవ్వుతూనే కూర్చున్నాడు మావాడు. ఎదురుగా చార్మినార్. చుట్టు పూర్తయింది.

ఓపిక మిగిలితే...

ఆటో ఎక్కి మీర్ ఆలం చెరువుకు వెళ్లండి, జూ పక్కనే. 1806 నాటికి కట్టిన ఆనకట్ట. నిటారు గోడ కాదు, పక్కపక్కనే పేర్చిన 21 అర్ధచంద్రాలు! నీటి బరువు ఆ వంపుల మీదుగా పక్కలకు పోతుంది. అందుకే వరదల్లో నీరు గోడ మీదుగా పొర్లినా గోడ నిలిచింది. పాతబస్తీలో జలపాతం అనదగ్గది నిజంగా ఏదైనా ఉంటే, అది ఇదే.

షికారుకు పొద్దున ఏడింటికే బయల్దేరండి, ఎండ ముదరకముందే మూసీ దాటొచ్చు. చౌమహల్లా మాత్రం పది తర్వాతే, శుక్రవారం సెలవు. మసీదులో నమాజు వేళ తప్పించి వెళ్లండి. కాళ్లకు మంచి చెప్పులు, చేతిలో నీళ్ల సీసా మరవకండి.

తెర మీద వాన పడితే ఈలలు వేస్తాం. ఈ చుట్టు తిరిగొచ్చాక కూడా వేస్తారు, తప్పు లేదు. కానీ హాల్లోంచి బయటికొచ్చాక నిజం వాన పడుతుంటే, మీ గల్లీ నీళ్లు ఎటు పోతున్నాయో ఒక్కసారి తొంగి చూడండి. ఒకప్పుడు అవి ఏ చెరువుకు పోయేవో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ చెరువు ఇంకా ఉంటే, మీ తర్వాతి షికారు అక్కడికే!