మెరక తోలే ముందే పెరడు చూసుకోవాలి

కొల్లిపర: సొంతంగా ఇల్లు కట్టుకునేవారు ముందు మేస్త్రీని వెతుకుతారు, తర్వాత మట్టిని. పెరటి సంగతి గృహప్రవేశమైన మర్నాడు గుర్తొస్తుంది. అప్పటికి స్థలమంతా బుసక పరచుకుని ఉంటుంది, ఇంటి చుట్టూ కంకర, పెంకుముక్కలు మిగులుతాయి. అందులో ఆనపపాదు పెడితే మారాకు తొడగకముందే ఎండిపోతుంది. పెరట్లో నాలుగు కాయలు కాయాలంటే ఆ ఏర్పాటు మొదటి ట్రక్కు మట్టి దిగకముందే జరగాలి.

ఎంత మెరక?

కృష్ణ పక్కనున్న ఈ ప్రాంతంలో మెరక లేకుండా ఇల్లు కట్టడం సాహసమే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలకు చేరింది. కరకట్టకు నది వైపునున్న లంకల్లో నీరు ఎంతవరకు వచ్చిందో పాత గోడల మీది చారలే చెబుతాయి. కట్ట లోపలి ఊళ్లలో వరదకన్నా వాననీరు నిలవడమే ఎక్కువ బెడద. పక్క ఇళ్ల అరుగులు, ఎదుటి రోడ్డు ఎత్తు చూసుకుని, రోడ్డు మీద మళ్లీ తారు వేస్తే పెరిగే ఎత్తును కూడా కలుపుకుని మట్టం నిర్ణయించుకోవాలి.

అయితే స్థలమంతా ఒకే ఎత్తున లేపనక్కర్లేదు. 3 సెంట్లంటే సుమారు 1,307 చదరపు అడుగులు. మొత్తం 2 అడుగులు లేపితే 2,600 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రక్కుకు 100 ఘనపుటడుగుల లెక్కన 26 ట్రక్కులు. 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవున్న ఇంటికి చుట్టూ 3 అడుగులు కలిపి లేపితే 806 చదరపు అడుగులే. అక్కడ అర అడుగు పైమట్టి తీసేసి నింపినా 20 ట్రక్కులు సరిపోతాయి. మట్టి అణుగుతుంది కనుక రెండు పక్షాలా మరికొంత వేసుకోవాలి.

పైమట్టి పారేయొద్దు

ఏళ్ల తరబడి ఆకు, పేడ కలిసి పంటకు పనికొచ్చే సారమంతా పై అర అడుగులోనే ఉంటుంది. ఇల్లు వచ్చే మేర ఆ మట్టిని చెక్కి ఒక మూల కుప్ప పోయించుకోవాలి. పైన చెప్పిన లెక్కలో అది 400 ఘనపుటడుగులు. మిగిలిన 500 చదరపు అడుగుల పెరట్లో పరిస్తే ముప్పావు అడుగు పైచిలుకు ఎత్తు లేస్తుంది. పెరడు ఇంటికన్నా పల్లంగా ఉన్నా నీరు నిలవకుండా చిన్న కాలువ తీసుకోవాలి. మన మెరక నీరు పొరుగువారి వాకిట్లోకి పోతే తగవు తప్పదు. కరకట్ట పక్కన తవ్వి తెచ్చిన మట్టి ఎంత చవకగా వచ్చినా తీసుకోరాదు. కట్ట బలం తగ్గితే ఆ నీరు మన ఇంటికే వస్తుంది.

నల్లరేగడితో జాగ్రత్త

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాంతో పాటే గోడలూ బీటలు వారతాయి. పునాదిని కొత్త మెరక మీద నిలపకూడదు. అది మెరకను దాటి అసలు నేలలో గట్టిచోటికి దిగాలి. ఇటువంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదిని రూపొందించింది. సుమారు 12 అడుగుల లోతున తేమలో మార్పు తక్కువ కనుక ఇల్లు కదలదు. ఏ పునాది వేయాలో ఇంజనీరు చేత నేల చూపించి తేల్చుకోవాలి. పునాది గుంతలను మళ్లీ రేగడితోనే పూడ్చరాదు. ఇంటి చుట్టూ 3 అడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయిస్తే వాననీరు గోడ మొదట్లో ఇంకదు.

చెట్ల విషయంలోనూ ఇదే సూత్రం. రావి, మర్రి, వేప వేర్లు రేగడిలోని తేమను లాగేసి పునాది కింద నేలను కుంగదీస్తాయి. పెద్ద చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు కనీసం అంత దూరంలో ఉండాలి. చిన్న స్థలంలో వాటి జోలికి పోకపోవడమే మేలు.

ఏవి ఎక్కడ?

స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు పారేచోట, గచ్చు దాటి రెండు అరటి పిలకలు నాటాలి. మునగకు నీరు నిలిస్తే గిట్టదు కనుక ఎత్తైన గట్టు మీద పెట్టాలి. పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం.-1 రకం గింజ నాటిన ఆరు నెలలకే కాపుకొస్తుంది. కరివేపాకు, నిమ్మ ఎండ తగిలే మూల ఉండాలి. దొండ, బీర, పొట్ల పందిరెక్కితే నేల కలిసొస్తుంది. పందిరి నీడన కంద, పసుపు నాలుగు దుంపలు పెట్టుకోవచ్చు. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉన్న మనకు ఈ రెండు పంటలూ కొత్త కాదు.

2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. అంటే 653 చదరపు అడుగులు. 340 అడుగుల ఇల్లు కట్టాక మిగిలేది 313 అడుగులే. అందులోనే దారి, మరుగుదొడ్డి గుంత పోను ఒక దొండ పందిరి, ఒక కరివేప మొక్క, రెండు ఆకుకూర మళ్లకు చోటు ఉంటుంది.

వేసవిలో మెరక తోలించి, దిమ్మిసతో పొరలు పొరలుగా కొట్టించి, ఒక వానాకాలం తడవనిస్తే మట్టి చాలావరకు అణుగుతుంది. ఆ తొలకరికే పెరటి భాగంలో మునగ, అరటి నాటి కంచె కట్టుకుంటే ఇంటిపని సాగుతుండగానే అవి ఎదుగుతాయి. గృహప్రవేశం నాటి పప్పుచారులో సొంత మునక్కాయలే వేసుకోవచ్చు.