చేతిలో ఫోను – క్షణాల్లో చెల్లింపు

కూరగాయల బండికి అతికించిన నలుపు తెలుపు గళ్ల చీటీని మీరు చూసే ఉంటారు. దానిని క్యూఆర్ కోడ్ అంటారు. అందులో అమ్మేవారి చెల్లింపు చిరునామా ఉంటుంది. మీరు దానిని స్కాన్ చేసి, పిన్ నొక్కగానే ఏం జరుగుతుంది? 2016లో మొదలైన యూపీఐ వ్యవస్థ ద్వారా ఆదేశం మీ బ్యాంకుకు చేరుతుంది. బ్యాంకు పిన్ సరిచూసి మీ ఖాతాలో సొమ్ము తగ్గిస్తుంది. అమ్మేవారి బ్యాంకు దానిని వారి ఖాతాలో జమ చేస్తుంది. ఒకప్పుడు బ్యాంకు వరుసలో నిలబడి చేసిన పని ఇప్పుడు బండి దగ్గరే ముగుస్తోంది. వింతగా లేదూ!

అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. మీకు డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. "డబ్బు పంపాం, పిన్ నొక్కండి" అని ఎవరైనా అంటే అది మోసమే. సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.