ఐరోపా పర్వత సమాజాల సుస్థిరాభివృద్ధిలో సహకారం: శీతకాలపు మేతే కొలమానం

ఆల్ప్స్ పర్వతాల్లో పశుపోషకుని సంవత్సరం రెండు అసమాన భాగాలుగా ఉంటుంది. వేసవిలో సుమారు మూడు నెలలు పశువులు ఎత్తైన పచ్చిక బయళ్లలో మేస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే దిగువన ఊరి చుట్టూ ఉన్న నేలల్లో గడ్డి కోసి, ఎండబెట్టి, కొట్టాలకు చేర్చుకోవాలి. ఆపై వచ్చే సుదీర్ఘ శీతకాలమంతా పశువులు ఆ ఎండుగడ్డి మీదనే బతకాలి. ఒకే కుటుంబం పైన పశువులను కాస్తూ, పాలు పితుకుతూ, కింద గడ్డి కోయడం సాధ్యం కాదు. అందుచేత ఊరి పశువులన్నిటినీ ఒక మందగా చేర్చి కొద్దిమంది కాపరులకు అప్పగించే పద్ధతి ఏర్పడింది. పర్వత గ్రామాల్లో సహకారం ఆదర్శం వల్ల కాక ఈ పనుల ఒత్తిడి వల్ల పుట్టిందని చెప్పవచ్చు.

మందను కలపడం సులభమే. ఎవరు ఎన్ని పశువులను పంపవచ్చునన్నదే చిక్కు ప్రశ్న. బయలు అందరిదీ, పాలు మాత్రం ఎవరి పశువువి వారివి అయినప్పుడు, ప్రతి ఒక్కరికీ మరొక ఆవును తోలాలనే ఆశ కలుగుతుంది. స్విట్జర్లాండ్‌లోని వాలే కాంటన్‌లో ఉన్న టోర్బెల్ అనే చిన్న గ్రామం దీనికి కనుగొన్న సమాధానం నేటికీ పరిశోధకులను ఆకర్షిస్తోంది. పచ్చిక బయళ్లు, అడవుల వినియోగాన్ని క్రమబద్ధం చేస్తూ ఆ గ్రామస్థులు 1483లోనే ఒక సంఘంగా ఏర్పడి ఒప్పందం రాసుకున్నారు. 1517 నాటి నియమం ప్రకారం, ఒక కుటుంబం తన సొంత మేతతో శీతకాలమంతా పోషించగలిగినన్ని ఆవులను మాత్రమే వేసవిలో ఉమ్మడి బయలుకు పంపాలి. పరిమితి మించినవారికి జరిమానా విధించే అధికారం గ్రామాధికారికి ఉండేది. ఆ జరిమానాలో సగం అతనికే దక్కేది గనుక పర్యవేక్షణలో అలసత్వానికి తావుండేది కాదు. బయట నుండి వచ్చి ఊరిలో భూమి కొన్నవారికి ఉమ్మడి బయలుపై హక్కు సంక్రమించేది కాదు.

మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ ఈ గ్రామాన్ని దీర్ఘకాలం అధ్యయనం చేశారు. ఆయన పరిశీలనలను ఆధారం చేసుకొని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన ‘గవర్నింగ్ ది కామన్స్’ గ్రంథంలో టోర్బెల్‌ను ముఖ్య ఉదాహరణగా చూపారు. ఉమ్మడి వనరుల నిర్వహణపై కృషికి 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ గ్రామంలో అన్నీ ఉమ్మడి ఆస్తులు కావు. పంట భూములు, గడ్డి కోసే నేలలు, ద్రాక్షతోటలు కుటుంబాల సొంతం. బయళ్లు, అడవులు మాత్రమే అందరివి. సొంత నేలలో పండిన ఎండుగడ్డి పరిమాణమే ఉమ్మడి నేలపై హక్కును నిర్ణయించడం వల్ల, బయలు మోయగల భారాన్ని ఎవరూ ప్రత్యేకంగా లెక్కగట్టవలసిన అవసరం లేకపోయింది. మన పాఠ్యగ్రంథాల్లో మేత భూముల ధారణశక్తి అని బోధించే భావనను ఆ రైతులు కొట్టంలోని గడ్డిమోపులతో కొలిచారన్నమాట.

ఫ్రాన్స్ తూర్పు సరిహద్దులోని జురా పర్వతాల్లో సహకారం పాల చుట్టూ పెరిగింది. మంచు కప్పిన దారుల్లో పాలు దూరానికి పంపడం అసాధ్యం. నిల్వ ఉండే పెద్ద చీజ్ బిళ్లగా మార్చడమే మార్గం. సుమారు 40 కిలోల కోంతే చీజ్ బిళ్ల ఒక్కటి తయారు కావడానికి 400 లీటర్లకు పైగా పాలు కావాలి. కొద్ది ఆవులున్న రైతు ఒక్కరోజులో అన్ని పాలు తీయలేడు. ఇరుగుపొరుగు పాలు కలిపితేనే బిళ్ల తయారవుతుంది. ‘ఫ్రూటియేర్’ అని పిలిచే ఈ గ్రామ పాల సంఘాల ప్రస్తావన 13వ శతాబ్దపు పత్రాల్లోనే ఉంది.

కోంతేకు 1958లో ప్రాంతీయ గుర్తింపు హక్కు లభించింది. దాని నిబంధనల్లో కొన్నింటిని విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించడం అవసరం. పాలను 25 కిలోమీటర్ల వ్యాసం గల వృత్తం లోపలి నుండే సేకరించాలి. మోంబెలియార్డ్, ఫ్రెంచి సిమెంటాల్ జాతుల పాలు మాత్రమే వాడాలి. ఒక్కో ఆవుకు కనీసం ఒక హెక్టారు పచ్చిక నేల ఉండాలి. పాతర గడ్డి పూర్తిగా నిషేధం. ఈ చివరి నిబంధన వెనుక సూక్ష్మజీవశాస్త్ర కారణం ఉంది. పాతర గడ్డి ద్వారా పాలలో చేరే క్లాస్ట్రీడియం సిద్ధబీజాలు నెలల తరబడి మాగే చీజ్ లోపల వాయువును పుట్టించి, బిళ్ల ఉబ్బి పగిలిపోయేలా చేస్తాయి. పాలు కలిపి తయారుచేసే చోట ఒక్క రైతు నిర్లక్ష్యం అందరి సరుకునూ పాడుచేయగలదు. రైతులు, సంఘాలు, చీజ్ మాగబెట్టే వ్యాపారులు కలిసి ఏటా ఎంత ఉత్పత్తి చేయాలో కూడా ముందే నిర్ణయించుకుంటారు. ధర పడిపోకుండా కాపాడే ఈ ఏర్పాటుకు ఐరోపా సమాఖ్య 2012లో చట్టబద్ధమైన ఆధారం కల్పించింది.

గ్రామస్థాయి సహకారానికి ప్రభుత్వాల సాయం తోడైనప్పుడు ఫలితాలు ఎల్లప్పుడూ ఆశించినట్లు లేవు. 1975లో నాటి ఐరోపా ఆర్థిక సమాజం పర్వత ప్రాంత సేద్యానికి ప్రత్యేక ఆదేశం జారీచేసి, ఎత్తు, వాలు, తక్కువ పంటకాలం వల్ల కలిగే అదనపు ఖర్చుకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన పర్వత, గిరిజన మండలాన్ని వ్యవసాయ వాతావరణ మండలంగా గుర్తించి చింతపల్లి కేంద్రంగా పరిశోధన సాగిస్తున్నట్లే, అక్కడ కూడా ముందు హద్దులు గీశారు. తేడా ఏమిటంటే, ఆ హద్దు రైతుకు నేరుగా నగదు హక్కును తెచ్చిపెట్టింది. అయితే పశుపోషకులకు ఆ పరిహారాన్ని పశువుల సంఖ్యను బట్టి చెల్లించారు. ఎక్కువ తలలు, ఎక్కువ సొమ్ము. బ్రిటన్, ఐర్లండ్ కొండల్లో గొర్రెల సంఖ్య పెరిగి నేలలు అతిమేతకు గురికావడానికి ఇలాంటి చెల్లింపులు దోహదపడ్డాయి. 2000 నుండి చెల్లింపును హెక్టారు ప్రాతిపదికకు మార్చారు. టోర్బెల్ గ్రామస్థులు దాదాపు ఐదు శతాబ్దాల కిందట తప్పించుకున్న పొరపాటును నిపుణులు సవరించడానికి పాతికేళ్లు పట్టిందని వ్యాఖ్యానించడం అన్యాయం కాబోదు.

సాయం అవసరమే లేదని దీని భావం కాదు. ఏటవాలు నేలల్లో యంత్రాలు పనిచేయవు, యువత లోయలకు, పట్టణాలకు తరలిపోతుంది, కోత ఆగిపోతుంది. కోయని పొడుగు గడ్డి మంచు కింద పడుకొని జారుడు నేలగా మారుతుంది. క్రమంగా పొదలు కమ్ముకుని అనేక జాతుల పూలమొక్కలు అదృశ్యమవుతాయి. సేద్యం మానేసిన వాలు అందరి సమస్య అవుతుంది.

పర్వతశ్రేణి దేశాల సరిహద్దులను పాటించదు గనుక తర్వాతి దశలో దేశాల మధ్య ఒప్పందాలు వచ్చాయి. 1991 నవంబరు 7న సాల్జ్‌బర్గ్‌లో సంతకాలు మొదలైన ఆల్ప్స్ ఒడంబడికలో నేడు ఎనిమిది దేశాలు, ఐరోపా సమాఖ్య భాగస్వాములు. అది సుమారు 1,90,000 చదరపు కిలోమీటర్లకు, దాదాపు 1.4 కోట్ల జనాభాకు వర్తిస్తుంది. పర్వత సేద్యంపై ప్రత్యేక అనుబంధ ఒప్పందం 1994లో రూపొందింది. ఆల్ప్స్ దేశంగానే పేరొందిన స్విట్జర్లాండ్ మూల ఒడంబడికను ఆమోదించినా అనుబంధ ఒప్పందాలను ఆమోదించలేదు. గ్రామంలో జరిమానా వేసేవారు ఉన్నారు, దేశాల మధ్య అలాంటివారు లేరు. గ్రామ, పట్టణ పాలక సంస్థలు స్వయంగా 1997లో ‘అలయన్స్ ఇన్ ది ఆల్ప్స్’ అనే కూటమిగా ఏర్పడటానికి ఈ లోటును కింది నుండి పూడ్చాలనే ఆలోచన కొంత కారణం కావచ్చు. ఆల్ప్స్ నమూనాను అనుసరించి తూర్పున ఏడు దేశాలు 2003లో కీవ్‌లో కార్పేతియన్ ఒడంబడికను కుదుర్చుకున్నాయి.

వినియోగదారునికి కనిపించే ఏర్పాటు ‘పర్వత ఉత్పత్తి’ అనే ముద్ర. 2012 చట్టం, 2014 నిబంధనల ప్రకారం, ఈ పేరుతో అమ్మే పాలు లేదా మాంసం ఇచ్చే నెమరువేసే పశువుల వార్షిక మేతలో, పొడి పదార్థం లెక్కన, పర్వతేతర ప్రాంతపు మేత 40 శాతానికి మించరాదు. మైదానం నుండి తెచ్చిన సోయాతో పెంచిన ఆవు, కొట్టం ఎంత ఎత్తున ఉన్నా, పర్వతపు ఆవుగా చెల్లదు. మళ్లీ గడ్డి దగ్గరికే వచ్చామన్నమాట.

అయితే గడ్డి లెక్క ఒక్కటే చాలదని కోంతే ప్రాంతమే చూపుతోంది. జురా సున్నపురాతి నేలలు గుల్లగా, పగుళ్లతో ఉంటాయి. పైన చల్లిన పేడనీరు, ఎరువులు వడపోత లేకుండానే భూగర్భ మార్గాల ద్వారా నదుల్లోకి చేరుతాయి. అక్కడి లూ నదిలో 2010 ప్రాంతంలో చేపలు పెద్ద ఎత్తున చనిపోయాయి, నాచు విపరీతంగా పెరిగింది. దీనికి కారణాలు అనేకం, పట్టణాల మురుగునీరూ వాటిలో ఉంది. కాని పాడి ప్రాంతం నుండి చేరే నత్రజని పాత్రపై పరిశోధకులు, జాలరులు, రైతు సంఘాల మధ్య చర్చ కొనసాగుతూనే ఉంది. ఆవు తినే గడ్డిని లెక్కించే నియమాలు ఆ సంఘాల వద్ద తరతరాలుగా ఉన్నాయి. ఆవు విసర్జించినదాన్ని నేల ఎంతమేరకు ఇముడ్చుకోగలదో లెక్కించి, దాన్ని అందరూ అంగీకరించే నియమంగా మార్చే పనిలో అవి ఇప్పుడు ఉన్నాయి.