జుట్టు నాటించే ముందు...

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు పెద్దలు. ఆ జుట్టు పలచబడితే ఆడవాళ్లకే కాదు, మగపిల్లలకీ దిగులే. పెళ్లీడుకొచ్చిన అబ్బాయికి నుదురు మీద జుట్టు వెనక్కి పోతోందని, సంబంధాలు చూడకముందే నాటించేద్దామని ఆరాటపడే తల్లులున్నారు. డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

అందరి వెంట్రుకలూ ఒక్క మందాన ఉండవు. సన్న వెంట్రుక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటే, లావు వెంట్రుక పదో వంతు దాకా ఉంటుంది. ‘రెట్టింపే కదా’ అనుకోకండి. అడ్డంగా కోసి చూస్తే లావు వెంట్రుక వైశాల్యం నాలుగు రెట్లు! అందుకే కొందరికి తక్కువ వెంట్రుకలతోనే జడ పిడికెడు ఉంటుంది.

నాటడమంటే కొత్త జుట్టు పుట్టించడం కాదు. తల వెనకా పక్కలా ఉన్న కుదుళ్లను తీసి బట్టతల మీద పెడతారు. కుదురు తీసిన చోట మళ్లీ మొలవదు. కనుక ఉన్న నిల్వను పొదుపుగా వాడుకోవాలి. లావు జుట్టయితే తక్కువ కుదుళ్లతోనే నిండుగా కనిపిస్తుంది. సన్న జుట్టయితే ముందుభాగం సరిచేసి, నడినెత్తిని వదిలేయవలసి రావచ్చు. నుదుటి అంచున మాత్రం ఒంటి వెంట్రుక కుదుళ్లే నాటాలి. లావువి గుత్తులుగా పెడితే బొమ్మ జుట్టులా ఉంటుంది.

ఇరవై రెండేళ్లకే నుదుటి మీదికి నాటించారనుకోండి. వెనకున్న సొంత జుట్టు ఆ తర్వాత రాలితే, నాటినది మధ్యలో దీవిలా మిగులుతుంది. అప్పటికి నిల్వా తరిగిపోయి ఉంటుంది. కాబట్టి రాబోయే ఇరవై ఏళ్లూ ఆలోచించమని డాక్టరుగారిని అడగండి.

మరి మన సంగతో? ఆడవాళ్లకు తరచు తలంతా పలచబడుతుంది, తీయవలసిన చోటా అంతే. ముందు రక్తంలో ఇనుము, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాన్పయిన రెండు మూడు నెలలకు రాలే జుట్టు చాలామందికి మళ్లీ వస్తుంది, కంగారొద్దు.

నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మొలక మొదలై, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది.

అర్హత, శిక్షణ ఉన్న వైద్యులే ఈ పని చేయాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ‘కోసేదెవరు, నాటేదెవరు, మా అబ్బాయి వెంట్రుక మందం కొలిచారా?’ అని మొహమాటపడకుండా అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.