షెడ్డులో పురుగుకి మందుంది, మనిషికి ఉందా?



షెడ్డు ముందు గదిలో ఒక మూల చూడండి. బ్లీచింగ్ పౌడర్, సున్నం బస్తా, విజేత ప్యాకెట్లు, శానిటెక్ డబ్బా, ఊజీ ఈగకు పెట్టే మాత్రలు, స్ప్రేయరు. పురుగుకి జబ్బు రాకముందే అన్నీ తెచ్చి సిద్ధంగా పెట్టుకుంటాం. అదే గదిలో మనిషికి చెయ్యి తెగితే కట్టడానికి ఒక శుభ్రమైన గుడ్డపీలిక దొరకదు. "ఇంట్లో ఉంది కదా" అంటారు. ఇల్లు ఊళ్లో, షెడ్డు తోటలో. మధ్యలో ఉన్న ఆ దూరమే అసలు ప్రమాదం.

మెడికల్ షాపులో ఎర్ర ప్లస్ గుర్తుతో రెడీగా ఒక డబ్బా అమ్ముతారు. నాలుగు చిన్న ప్లాస్టర్లు, కాస్త దూది, బొమ్మ కత్తెర. ఆఫీసులో కాగితం అంచు తగిలి వేలు గీరుకున్నవాళ్లకు అది చాలు. మన పనికి చాలదు. మన దగ్గర జరిగేవి వేరే: కంట్లో సున్నం పడడం, కొడవలి తెగడం, మంట తగలడం, పాము కరవడం. డబ్బా వీటిని చూసి కట్టుకోవాలి.

మొట్టమొదట కావలసింది డబ్బాలో పట్టదు. అది నీళ్లు. కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాను ఒకటి నిండా మంచినీళ్లతో ముందు గదిలో ఎప్పుడూ ఉండాలి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నం చల్లుతాం, జ్వరం లేచాక మేతకి ముందు విజేత చల్లుతాం, పంటకీ పంటకీ మధ్య బ్లీచింగ్ సున్నం కలిపి షెడ్డంతా కొడతాం. ఇవన్నీ మొహం ఎత్తులో, పై అరల మీద చేసే పనులు. గాలి తిరిగితే పొడి నేరుగా కంట్లోకే.

సున్నం కంట్లో పడితే యాసిడ్ కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. క్షారం కదా, పైన కాల్చి ఆగిపోదు, లోపలికి దిగుతూనే పోతుంది. రెప్ప కింద ఒక చిన్న పలుకు మిగిలినా కాలుస్తూనే ఉంటుంది. అందుకని డాక్టరు దగ్గరికి పరిగెత్తే ముందే కడగాలి. మొహం మీద పొడి ఉంటే మొదట దులిపేయండి. తర్వాత కన్ను వేళ్లతో విప్పి పట్టి, మంచి కన్ను పైకి, దెబ్బ తిన్న కన్ను కిందికి వచ్చేటట్టు తల వంచి, సన్నటి ధారగా 20 నిమిషాలు పోయాలి. నిమిషానికి లీటరు అనుకుంటే 20 లీటర్లు. క్యాను లెక్క అందుకే చెప్పింది. కరెంటు లేనప్పుడు మోటారు నీళ్లు రావు, స్ప్రేయరు ట్యాంకు నీళ్లు కంటికి పనికిరావు. చనుబాలు, ఆముదం, రోజ్ వాటర్ వంటివి వద్దు. కడిగాక నొప్పి తగ్గినా సరే కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కడగడానికి సెలైన్ 500 మిల్లీలీటర్ల సీసాలు రెండు డబ్బాలో పెట్టుకుంటే దారిలో కూడా పోస్తూ పోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. బ్లీచింగ్ పౌడర్లో యాసిడ్ గాని, బాత్రూం కడిగే ద్రవం గాని, శానిటెక్ తోటి వచ్చే యాక్టివేటర్ గాని కలపకూడదు. క్లోరిన్ గ్యాసు లేస్తుంది. ఫార్మలిన్ ఇంకా వాడేవాళ్లు ఉన్నారు. మొహానికి కట్టుకునే టవలు, కరోనా నాటి మాస్కు దాని ఆవిరిని ఆపవు, గ్యాసు మాస్కే ఉండాలి. దగ్గు, గొంతు మంట మొదలైతే పని ఆపి బయట గాలికి వచ్చేయాలి. ఆయాసం ఉంటే ఆస్పత్రికే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలరు రెండోది కొని ఈ డబ్బాలో పెట్టండి.

ఇక కోతలు. కొమ్మ మేత వచ్చాక కొడవలి పని పెరిగింది, చాకీకి ఆకు తరిగే మిషన్లు వచ్చాయి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, పది నిమిషాలు తీసి చూడకుండా పట్టుకోవాలి. ఆగిందా అని నిమిషానికోసారి తీసి చూస్తే ఎప్పటికీ ఆగదు. కాఫీ పొడి, పసుపు, సున్నం పెడితే ఆస్పత్రిలో అదంతా కడగడానికి ఇంకో అరగంట, మనకి ఇంకో నరకం. వేలు తెగి పడిపోతే పారేయొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐసు మీద పెట్టి తీసుకుపోవాలి. వేలుకి ఐసు నేరుగా తగలకూడదు. టెటనస్ ఇంజక్షన్ చివర ఎప్పుడు వేయించుకున్నారో డబ్బా మూత లోపల రాసుకోండి, ఎవరికీ గుర్తుండదు.

చంద్రికల మీద నూలు కాల్చేటప్పుడు మంట తగిలితే దానికీ నీళ్లే: 20 నిమిషాలు మామూలు నీళ్లు, తర్వాత శుభ్రమైన గుడ్డ. టూత్‌పేస్టు, సిరా, ఐసు వద్దు.

పాము సంగతి కొంచెం నిదానంగా చదవండి. నాలుగో జ్వరం దాటాక రాత్రి మేత ఉంటుంది, ముందు గదిలోనే చాప పరుచుకుని పడుకుంటాం. పురుగుల కోసం, గూళ్ల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు. కట్లపాము రాత్రి తిరిగేది, నేల మీద నిద్రపోయేవాళ్లని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, చీమ కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. తర్వాత కడుపు నొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, ఆఖరికి ఊపిరి ఆగడం. నేల మీద పడుకున్న మనిషి అర్ధరాత్రి కడుపు నొప్పితో లేచి కళ్లు తెరవలేకపోతే గ్యాస్ మాత్ర వెతక్కండి, బండి వెతకండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా వేశారు. 2024లో కర్ణాటక ప్రభుత్వం పాము కాటు కేసుల్ని తప్పకుండా రిపోర్టు చేయాలని నిర్ణయించింది.

దీనికి డబ్బాలో ఉండాల్సింది చాలా తక్కువ. చెయ్యో కాలో కదలకుండా పలకకి ఆనించి వదులుగా కట్టడానికి క్రేప్ బ్యాండేజీలు రెండు, ఒక టార్చి. ఉంగరం, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. తాడు బిగించడం, కోయడం, పీల్చడం, మంత్రం కోసం ఆగడం ఏదీ వద్దు. ఆస్ప్రిన్ మాత్ర ఇవ్వొద్దు. పాముని చంపి తీసుకుపోవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ ఒకే ఇంజక్షన్. అది కొని ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. కుదరదు. నరంలోకి ఎక్కించాలి, ఒక్కోసారి దానికే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ వస్తుంది, పక్కన డాక్టరు ఉండాలి. ఏ ఆస్పత్రిలో ఆ మందు ఉందో ఇప్పుడే, ఏ అవసరమూ లేనప్పుడే పోయి అడిగి పెట్టుకోండి. మాలూరు, శ్రీనివాసపురం, డెంకణికోట వైపు సరిహద్దు ఊళ్లవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ విచారించండి. ఏది ముందు చేరగలమో అదే మన ఆస్పత్రి.

ఇంకో మంచి సంగతి, దోమతెర కట్టుకుని మంచం మీద పడుకుంటే కట్లపాము కాటు చాలావరకు తప్పుతుంది. ఎలాగూ మన షెడ్డులో దోమల కాయిల్, లిక్విడ్ పెట్టకూడదు, పురుగులు చచ్చిపోతాయి. ఒక తెరతో రెండు పనులు.

చలికాలంలో వేడి కోసం బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసేవాళ్లకి మాత్రం ఏ డబ్బా సహాయం చేయదు. ఆ గ్యాసుకి వాసన లేదు. తలనొప్పి, మత్తు, అంతే. కుంపటి ఉంటే కిటికీ తెరిచి ఉండాలి, ఆ గదిలో పడుకోకూడదు.

ఇప్పుడు కొనుగోలు. విడివిడి ప్యాకెట్లలో స్టెరైల్ గాజ్ పది, నాలుగంగుళాల, ఆరంగుళాల రోలర్ బ్యాండేజీలు, అంటించే టేపు, పోవిడోన్ అయోడిన్, మొన లేని కత్తెర, చిమటా, చేతి తొడుగులు, ఓఆర్ఎస్ ఐదు ప్యాకెట్లు (లీటరు ప్యాకెట్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు), పారాసెటమాల్ 500, సెట్రిజిన్ ఒక్కొక్క స్ట్రిప్, ఉతికి ఎండబెట్టిన పాత పంచె ఒకటి. యాంటీబయాటిక్ మాత్రలు వద్దు, పోయినసారి మిగిలినవి అసలే వద్దు. మొత్తం కలిపి నాలుగైదు కిలోల గూళ్లు అమ్మిన డబ్బుకి మించదు.

పెట్టే చోటు కూడా చూసుకోవాలి. చాకీ గదిలో 85-90 శాతం తేమ ఉంటుంది. అక్కడ పెడితే గాజ్ ప్యాకెట్ చెమ్మగిల్లి దాని శుభ్రత పోతుంది, మాత్రలు మెత్తబడతాయి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ముందు గదిలో, బ్లీచింగ్ పౌడర్‌కి దూరంగా, పిల్లలకి అందకుండా, పెద్దవాళ్లకి చీకట్లోనూ అందేటట్టు. నొప్పి బామ్, దోమల క్రీము లాంటివి రాసుకున్న చేతులతో ఆకు ముట్టొద్దు. అవి ఇంట్లోనే ఉండనీయండి.

ఒక్కో దాని మీద మార్కరుతో దేనికో రాయండి. తెలుగులో మాత్రమే రాస్తే చాలదు. మన పిల్లలు చాలామంది కన్నడ, తమిళ బడుల్లో చదివారు, మాట్లాడతారు కానీ చదవలేరు. మూత మీద 108, దగ్గర ఆస్పత్రి నంబరు, బండి ఉన్న పక్క తోటవాళ్ల నంబరు, షెడ్డుకి దారి: ఏ రోడ్డు, ఏ గుడి దగ్గర తిరగాలి, ఎన్నో బోరు. తోటలో షెడ్డుకి డోరు నంబరు ఉండదు కదా. ఫోను చేసినాక ఒకరు రోడ్డు మీదికి పోయి టార్చి పట్టుకుని నిలబడాలి. మందు కంట్లోనో కడుపులోనో పోయి ఉంటే ఆ ప్యాకెట్ గాని డబ్బా గాని ఆస్పత్రికి తోడు తీసుకుపోండి.

పంట అయ్యాక షెడ్డు కడిగి మందు కొట్టే రోజున డబ్బా కూడా బయటికి తీయండి. వాడినవి రాసుకుని, ఎక్స్‌పైరీ తేదీలు చూసి, గూళ్లు అమ్మడానికి మార్కెట్‌కి పోయినప్పుడు కొనుక్కురండి. క్యాను నీళ్లు మాత్రం వారానికోసారి మార్చాలి.