టర్బో కార్బ్యురేటర్ ఇంజనులో నీటి పిచికారీ: నంద్యాల - ఆళ్లగడ్డ ప్రాంత పరిశీలన

వ్యాస సంగ్రహం:
టర్బోచార్జర్ అమర్చిన కార్బ్యురేటర్ ఇంజనులో నాకింగ్‌ను అదుపు చేయడానికి గాలిలోకి నీటిని పిచికారీ చేస్తారు. ఎండ తీవ్రత, సున్నపురాతి నేలల కఠిన జలం గల నంద్యాల - ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ అమరికకు అవసరమైన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నాకింగ్, బూస్టు, గుప్తోష్ణం, కఠిన జలం, నాజిల్.

1.0 ఉపోద్ఘాతం:
టర్బోచార్జర్ ఇంజనులోకి వెళ్లే గాలిని కుదిస్తుంది. కుదించిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి హద్దు మీరితే, స్పార్కు ప్లగ్గు రగిల్చిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. ఇదే నాకింగ్. ఇది కొనసాగితే పిస్టన్లు దెబ్బతింటాయి.

1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ. 10.25:1 కుదింపు నిష్పత్తి గల దాని ఇంజనుకు నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని అందించేవారు. ద్రవం అయిపోతే బూస్టును తగ్గించే కవాటం కూడా అందులో ఉండేది. అయినా ద్రవం నింపడాన్ని చాలామంది యజమానులు నిర్లక్ష్యం చేశారు. ఆ నమూనా 1963తో ఆగిపోయింది.

2.0 ఉష్ణోగ్రత లెక్క:
బయటి గాలి 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు 0.5 బార్ బూస్టుకు, 65 శాతం దక్షత గల కంప్రెసర్ నుండి గాలి సుమారు 75 డిగ్రీలతో వెలువడుతుంది. నంద్యాల వేసవిలో 42 డిగ్రీల గాలి అదే కంప్రెసర్ నుండి సుమారు 102 డిగ్రీలతో వస్తుంది.

నీటి గుప్తోష్ణం కిలోగ్రాముకు సుమారు 2,400 కిలోజౌళ్లు. పెట్రోలుది సుమారు 350 మాత్రమే. గాలి - పెట్రోలు నిష్పత్తి 12:1 అనుకుని, పెట్రోలు బరువులో 15 శాతం నీటిని చల్లితే, అది పూర్తిగా ఆవిరైనప్పుడు గాలి దాదాపు 30 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి కాకుండా మిగిలిన నీరు సిలిండరులో ఆవిరై అక్కడి వేడిని తగ్గిస్తుంది.

3.0 అమరిక విధానం:
కార్బ్యురేటర్ కంప్రెసర్‌కు ముందున్న ఇంజనులో పెట్రోలు మిశ్రమమే కంప్రెసర్ గుండా సాగుతుంది. కనుక ఇంటర్‌కూలర్ వాడడం కష్టం. నీటి పిచికారీకి ప్రాధాన్యం ఇక్కడే ఎక్కువ. నాజిల్‌ను కంప్రెసర్‌కు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు మధ్య గొట్టంలో బిగించాలి. నీటిని సన్నని తుంపరగా మార్చగల పీడనం పంపుకు ఉండాలి. నిర్ణీత బూస్టు వచ్చినప్పుడే ప్రెషర్ స్విచ్ పంపును నడపాలి. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ శూన్యత నీటిని లాగకుండా నాజిల్ దగ్గర సోలినాయిడ్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే నీరు సిలిండరులో నిండి కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు.

మొదట నీరు లేకుండా, తక్కువ బూస్టుతో, సురక్షితమైన ఇగ్నిషన్ టైమింగుతో ఇంజనును సరిచేయాలి. తర్వాత నీటిని క్రమంగా పెంచి, ఇంజను తడబడే స్థాయి నుండి కొంత తగ్గించాలి. ఆ పిమ్మటే టైమింగును ఒక్కొక్క డిగ్రీ చొప్పున ముందుకు జరపాలి. నీరుంది కదా అని పెట్రోలు తగ్గించరాదు.

4.0 నీటి నాణ్యత:
నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు నంద్యాల షేల్, కోయిలకుంట్ల సున్నపురాయి అని పేర్లు పెట్టిన శిలలు ఈ ప్రాంతానివే. సున్నపురాతి పొరల్లో ఊరిన బోరు నీటిలో కాల్షియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైనా లవణాలు మిగిలి, నాజిల్ సన్నని రంధ్రంలో పేరుకుంటాయి. రంధ్రం మూసుకుపోతే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం చేరదు. తొట్టిలో నీరున్నదని చూపే దీపం ఈ లోపాన్ని పసిగట్టలేదు. తాగునీటి ప్లాంట్ల క్యాన్ నీటిలోనూ కొంత లవణం మిగులుతుంది. అందువల్ల బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటరే తగినది. తొట్టి మట్టాన్ని కాక, నాజిల్‌కు చేరే ప్రవాహాన్నే కొలిచి, అది తగ్గగానే బూస్టును తగ్గించే ఏర్పాటు కావాలి.

5.0 ముగింపు:
ఈ ప్రాంతపు ఎండ నీటి పిచికారీ అవసరాన్ని పెంచుతుంది. ఇక్కడి నేల దొరికే నీటిని దానికి పనికిరాకుండా చేస్తుంది. నీటి భరోసాతో పెంచిన బూస్టు, నీరు ఆగిన క్షణంలోనే ఇంజనుకు ముప్పవుతుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను నియంత్రిస్తున్నందున, ఈ ప్రయోగాలకు రోడ్డు కన్నా కళాశాల ప్రయోగశాలలోని టెస్ట్ బెంచే తగిన చోటు.