ఆంగ్లమున భాషాభాగములను గుర్తించుట

విద్యార్థులారా! ఆంగ్ల వ్యాకరణమున భాషాభాగములు 8 అని మీరెల్లరు ఎరుగుదురు. వాని పేర్లను తడబడక వల్లించువారు సైతము, పరీక్షలో 'ఫాస్ట్' అను పదము కనబడినంతనే విశేషణమని వ్రాసి మార్కులు పోగొట్టుకొనుచున్నారు. దీనికి కారణమేమి?

మన తెలుగున 'వేగము' నామవాచకము, 'వేగమైన' విశేషణము, 'వేగముగా' క్రియావిశేషణము. పదము చివరనే గుర్తు కలదు. ఆంగ్లమున అట్టి గుర్తు అన్ని పదములకు ఉండదు. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్' అన్నచో ఆ పదము రైలు గుణమును తెలుపుచున్నది, కావున విశేషణము. 'హి రన్స్ ఫాస్ట్' అన్నచో పరుగెత్తు తీరును తెలుపుచున్నది, కావున క్రియావిశేషణము. ఆ పదమునకే ఉపవాసమను వేరొక అర్థము కలదు. 'వి ఫాస్ట్ ఆన్ ఏకాదశి' అనుచోట అది క్రియ. 'హిస్ ఫాస్ట్ ఎండెడ్' అనుచోట నామవాచకము.

ఒకే మనుష్యుడు ఇంట తండ్రి, బడిలో ఉపాధ్యాయుడు, అంగడిలో బేరగాడు అగుట లేదా? పదమును అట్లే. కావున పదమును విడిగా చూచి తీర్పు చెప్పరాదు. వాక్యమంతయు చదివి, "ఈ పదము ఇచట చేయుచున్న పని యేమి?" అని ప్రశ్నించుకొనుడు. ఇక 'రౌండ్' అను పదముతో వేర్వేరు వాక్యములు వ్రాసి, మీరే పరీక్షించి చూడుడు.